చెడిందా, దాని తీరే అంతా? ఆఫ్‌రోడ్ బండి కొత్త యజమానుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బండి కొని మూడు నెలలు కూడా నిండని వాళ్లవి. మామూలు కారుకు అలవాటుపడిన చెవికి, ఛాసిస్ మీద బాడీ కూర్చున్న బండిలో ప్రతి చప్పుడూ జబ్బులాగే వినిపిస్తుంది. వాటిలో చాలావరకు బండి తీరే. కొన్నింటిని మాత్రం ఒక్క రోజు కూడా వదిలేయకూడదు. జవాబుల్లో 'పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్' అన్నచోటల్లా, మామూలుగా వెనక చక్రాలతో నడుస్తూ లివర్ వేసినప్పుడు మాత్రమే ముందు చక్రాలకూ శక్తి పంపే బండి అని అర్థం చేసుకోండి. 2హెచ్ అంటే వెనక చక్రాలకే శక్తి, 4హెచ్ అంటే నాలుగు చక్రాలకూ మామూలు గేరులో శక్తి, 4ఎల్ అంటే నాలుగు చక్రాలకూ బాగా నెమ్మదైన 'లో రేంజ్' గేరులో శక్తి. ఆ శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె ట్రాన్స్‌ఫర్ కేస్.

ప్ర: వానలో 4హెచ్ వేసి నడిపాను. వాన వెలిసి రోడ్డు ఆరాక కూడా అలాగే ఇంటికొచ్చాను. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు బండి కుదుపులిచ్చింది. ఇప్పుడు లివర్ 2హెచ్‌కి రావడం లేదు. ట్రాన్స్‌ఫర్ కేస్ పోయిందా?

జ: పోలేదు, కానీ దాన్ని బాగా ఇబ్బంది పెట్టారు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే పెద్ద వలయంలో తిరుగుతాయి. రెండు యాక్సిళ్ల మధ్య దూరం 2.5 మీటర్లు ఉన్న బండి వెనక యాక్సిల్ మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే, ముందు యాక్సిల్ మధ్యభాగం దాదాపు 5.6 మీటర్ల వ్యాసార్ధంలో తిరగాలి. అంటే 12 శాతం ఎక్కువ దూరం. పార్ట్‌టైమ్ బండిలో 4హెచ్ వేశాక యాక్సిళ్లకు శక్తిని మోసుకెళ్లే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. బురదలో, ఇసుకలో, కంకరలో టైరు కొంచెం జారి ఆ తేడాను సర్దేస్తుంది. పొడి తారురోడ్డు మీద టైరు జారదు కాబట్టి షాఫ్టులు, గేర్లు మెలితిరిగి బిగుసుకుంటాయి. ఆ బిగువే మీ లివర్‌ను పట్టేసింది.

లివర్‌ను బలంగా లాగకండి. బండి ఆపి, లివర్‌ను 2హెచ్ వైపు మెల్లగా ఒత్తి పట్టుకుని, స్టీరింగ్ నిటారుగా ఉంచి 5 నుంచి 10 మీటర్లు వెనక్కి నడపండి. బిగువు సడలగానే లివర్ దానంతటదే జారి వస్తుంది. రాకపోతే రోడ్డు పక్క మట్టిలోకి రెండు చక్రాలు దించి అదే పని మళ్లీ చేయండి. స్విచ్‌తో మారే బండ్లలో దీపం మినుకుమినుకుమంటుంది. అప్పుడు స్విచ్‌ను పదే పదే తిప్పకండి. ఒకసారి 2హెచ్‌లో పెట్టి, వెనక్కి నడిపి, దీపం స్థిరపడేదాకా ఆగండి.

ఇదే బిగువు తిన్నగా పోతున్నా వచ్చిందంటే టైర్లు చూడండి. ముందు జత కొత్తది, వెనక జత 6 మి.మీ. అరిగినది అయితే చుట్టుకొలతలో ఒకటిన్నర శాతం తేడా వస్తుంది. అందుకే పార్ట్‌టైమ్ బండికి నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదలలో ఉండాలి. స్టెప్నీని కూడా కలిపి ఐదింటినీ 8,000 నుంచి 10,000 కి.మీ.కి ఒకసారి ఒకదాని చోటికి మరొకటి మార్చుకుంటూ వస్తే ఆ ఇబ్బందే ఉండదు.

అయితే అన్ని ఫోర్‌వీల్ బండ్లకూ ఇది వర్తించదు. 1970లో వచ్చిన మొదటి రేంజ్ రోవర్‌లోనే మధ్య డిఫరెన్షియల్ ఉంది. అది ఎప్పుడూ నాలుగు చక్రాలతోనే నడిచేది. మిత్సుబిషి సూపర్ సెలెక్ట్‌లోనూ పొడిరోడ్డు మీద వాడదగ్గ 4హెచ్ ఉంది. మీ బండి ఏ జాతిదో దానితో వచ్చిన పుస్తకంలో ముందుగా చూసుకోండి.

భయపడి 4హెచ్‌ను అసలు ముట్టుకోకపోవడం కూడా తప్పే. టొయోటా తన పార్ట్‌టైమ్ బండ్ల పుస్తకాల్లో నెలకు కనీసం 16 కి.మీ. ఫోర్‌వీల్‌లో నడపమని రాస్తుంది. ముందు భాగాలకు నూనె అందడానికే ఆ నియమం. మట్టిరోడ్డు మీదో, కంకర మీదో ఆ పని పూర్తి చేయండి.

ప్ర: 4ఎల్ వేయబోతే గరగరమంటుంది, ఒక్కోసారి అసలు పడదు. సర్వీస్ సెంటర్‌లో 'అంతే సార్, అలాగే ఉంటుంది' అన్నారు.

జ: వాళ్ల మాట సగం నిజం. చాలా బండ్లలో లో రేంజ్ గేరుకు గేర్‌బాక్స్‌లో ఉండే సింక్రోమెష్ సౌకర్యం, అంటే పళ్లు కలిసేముందు వేగాలను సమం చేసే ఏర్పాటు, ఉండదు. పళ్లూ పళ్లూ ఎదురుబొదురుగా ఆగితే ఎంత నెట్టినా దిగదు. మాన్యువల్ గేరు అయితే బండి ఆపి, క్లచ్ పూర్తిగా తొక్కి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, లివర్‌ను ఆగకుండా ఒకే ఊపులో లాగండి. పడకపోతే లివర్ వదిలి, క్లచ్ ఒక్క క్షణం వదిలి మళ్లీ తొక్కండి. పళ్లు కొంచెం కదిలి చోటు దొరుకుతుంది. ఆటోమేటిక్‌లో బ్రేకు తొక్కి ఎన్‌లో పెట్టి ప్రయత్నించండి. పడకపోతే ఒకసారి డీలోకి వేసి మళ్లీ ఎన్‌కి తెచ్చి చూడండి. జీప్ రాంగ్లర్ లాంటి కొన్నింటికి పూర్తిగా ఆపడం కంటే గంటకు 3 నుంచి 5 కి.మీ. వేగంతో దొర్లుతుండగా వేయడమే తేలిక, కంపెనీ చెప్పేదీ అదే.

ఒక హెచ్చరిక. లివర్ దారిలో ట్రాన్స్‌ఫర్ కేస్‌కు సొంత న్యూట్రల్ ఉంటే, అక్కడ ఆగినప్పుడు గేరులో ఉన్నా, పీలో ఉన్నా బండిని ఏదీ పట్టి ఉంచదు. వాలు మీద దొర్లిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ వేయకుండా ఈ లివర్‌ను ముట్టుకోవద్దు.

4ఎల్‌ను ఇరుక్కున్నాక వాడే ఆఖరి ఆయుధంగా చూడకండి. జిమ్నీలో ఇది వేగాన్ని సుమారు సగానికి, రాంగ్లర్ రూబికాన్‌లో నాలుగో వంతుకు దించుతుంది. రాళ్ల ఎక్కుడు కనిపించగానే, బండి ఇంకా చదును మీద ఉండగానే వేసుకుంటే క్లచ్ కాలిన వాసన మీ ముక్కుకు తగలదు.

ప్ర: హైవే మీద బండి తిన్నగా పోదు. స్టీరింగ్‌ను అటూ ఇటూ సర్దుతూనే ఉండాలి. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాను.

జ: ముందు టైర్లలో గాలి చూడండి. టైర్లు ఒకేచోట నొక్కుకుపోకుండా కొత్త బండ్లను ఎక్కువ గాలితో రవాణా చేయడం మామూలే. డెలివరీకి ముందు తగ్గించడం మరిచిపోతే 40 పీఎస్‌ఐ పైనే ఉండిపోతుంది. రాత్రంతా నిలిపిన బండికి, ఉదయం నడపకముందు కొలిచి, డ్రైవరు తలుపు స్తంభం మీద ఉన్న పట్టిక ప్రకారం పెట్టండి. పట్టికలో ఖాళీ బండికి, నిండు లోడుకు వేర్వేరు అంకెలు ఉంటే మీ వాడకానికి తగ్గదే తీసుకోండి. ఖాళీ బండికి లోడు గాలి పెడితే వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. 'సస్పెన్షన్ రాయిలా ఉంది' అని రాసిన ఇద్దరు ముగ్గురు పాఠకులకూ ఇదే జవాబు.

గాలి సరిచేశాక కూడా మిగిలేది ఈ బండ్ల సహజ గుణం. ముందు కూడా ఒకే దూలంలాంటి సాలిడ్ యాక్సిల్ ఉన్న జిమ్నీ, రాంగ్లర్ వంటి వాటిలో మామూలు కార్లలోని ర్యాక్ బదులు రీసర్క్యులేటింగ్ బాల్ రకం స్టీరింగ్ బాక్స్ ఉంటుంది. రాయి కొట్టిన దెబ్బ చేతికి తగలకుండా మింగేస్తుంది. బదులుగా నడిమధ్యలో కొంచెం మెత్తగా, స్పందన లేనట్టు ఉంటుంది. స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుని ప్రతి చిన్న కదలికనూ దిద్దబోతే బండి ఇంకా తూలుతుంది. చేతులు వదులు చేసి, చూపు దూరంగా పెట్టండి. రెండు వారాల్లో అలవాటవుతుంది.

దోషం అనడానికి కొలత ఉంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, చక్రాలు తిన్నగా పెట్టి, టైరు కదలనంత మేరకే స్టీరింగ్ తిప్పండి. స్టీరింగ్ అంచు దగ్గర ఆ ఆట, అంటే వదులు కదలిక, 30 మి.మీ. దాటితే స్టీరింగ్ బాక్స్, బాల్ జాయింట్లు చూపించాలి. బండిని ఎత్తు పెంచి ఉంటే కాస్టర్ కోణం (పక్క నుంచి చూస్తే ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గి ఉంటుంది. టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన మేర) మాత్రమే దిద్దే అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా ఉపయోగం లేదు. కాస్టర్ అంకె రాసిచ్చే చోటికి వెళ్లండి.

ప్ర: బురదలో తిరిగి వచ్చిన మర్నాడు 80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. యాక్సిల్ వంగిందా?

జ: రిమ్ములు కడిగారా? బయటివైపు కాదు, లోపలివైపు. రిమ్ము లోపలి గాడిలో ఎండిన పిడికెడు బురద 100 గ్రాములకు పైనే తూగుతుంది. బ్యాలెన్సింగ్‌కు అతికించే సీసం ముక్కలు 5, 10 గ్రాముల లెక్కన ఉంటాయంటే తేడా మీకే తెలుస్తుంది. ప్రెషర్ నీటిని బండి కింద నుంచి లోపలి గాడిలోకి కొట్టండి, చక్రాన్ని సగం చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి. అప్పటికీ పోకపోతే అతికించిన ముక్కలు ఊడాయేమో చూసి బ్యాలెన్స్ చేయించండి. వంద వణుకులు వస్తే తొంభై ఇక్కడే తీరతాయి.

ప్ర: నాది వణుకు కాదు. వంతెన అతుకు మీద పడగానే ముందు భాగమంతా అటూ ఇటూ కొట్టుకుంది, స్టీరింగ్ చేతుల్లోంచి ఊడిపోతుందనుకున్నాను. ఆపి బయల్దేరితే ఏమీ లేదు.

జ: దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. సాలిడ్ ఫ్రంట్ యాక్సిల్ బండ్లకే వచ్చే ఈ ఊగుడును డెత్ వాబుల్ అంటారు. ముందు యాక్సిల్ పక్కకు జరగకుండా ఛాసిస్‌కు కట్టి ఉంచేది ట్రాక్ బార్, అంటే పాన్‌హార్డ్ రాడ్. దాని బోల్టు ఒక వెంట్రుకవాసి వదులైనా, అతుకు మీద పడ్డ దెబ్బకు యాక్సిల్ పక్కకు కదులుతుంది, ఆ కదలిక చక్రాలను తిప్పుతుంది, తిరిగిన చక్రాలు యాక్సిల్‌ను మళ్లీ తోస్తాయి. వేగం తగ్గేదాకా అది తనను తానే పోషించుకుంటుంది.

మళ్లీ వస్తే యాక్సిలరేటర్ వదిలేయండి. స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకోండి కానీ దానితో కుస్తీ పట్టకండి. గట్టి బ్రేకు వద్దు, మెత్తగా వేగం దించండి. బొటనవేళ్లు స్టీరింగ్ కడ్డీల మధ్యలో ఉండకూడదు. విరిగే ప్రమాదం ఉంది.

వెతకడానికి ఇద్దరు కావాలి. చక్రాలు నేల మీదే ఉండాలి, ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. ఒకరు స్టీరింగ్‌ను ఎడమకూ కుడికీ చకచకా పావు చుట్టు తిప్పుతుంటే, రెండోవారు పక్క నుంచి ట్రాక్ బార్ రెండు కొసలూ చూడాలి. రాడ్డు, బ్రాకెట్టు రెండూ కలిసే కదలాలి. బోల్టు రంధ్రంలో టక్కుమని జరిగినా, బుష్ నలిగి పక్కకు వచ్చినా దొంగ దొరికినట్టే. రంధ్రం కోలగా సాగిపోయి ఉంటే బోల్టు బిగించినంత మాత్రాన నిలవదు, బ్రాకెట్టు బాగుచేయించాలి. ట్రాక్ బార్ గట్టిగానే ఉంటే టై రాడ్ కొసలు, బాల్ జాయింట్లు లేదా కింగ్‌పిన్ బేరింగులు, వీల్ బేరింగులు, కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు, అదే వరుసలో చూడండి. చాలాచోట్ల ముందుగా స్టీరింగ్ డ్యాంపర్, అంటే స్టీరింగ్ కుదుపులను మింగే చిన్న షాక్ అబ్సార్బర్, మార్చేస్తారు. కొత్త డ్యాంపర్ కొన్నాళ్లు ఊగుడును కప్పిపెడుతుంది. వదులైన భాగం ఆ కప్పు కింద ఇంకా అరుగుతుంది. డ్యాంపర్ చివరి అంశంగా మాత్రమే మార్చండి.

ప్ర: సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరిన ప్రతిసారీ కింద ఠంగుమంటుంది. ఆటోమేటిక్‌లో డీ నుంచి ఆర్‌కి వేసినా అంతే.

జ: గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, షాఫ్టు జాయింట్లు, డిఫరెన్షియల్, ఒక్కోదానిలో రవ్వంత ఆట ఉంటుంది. అన్నీ కలిసి ఒక మెత్తటి 'టక్' ఇస్తే అది సహజం. ఠంగుమని మోగితే మొదటి అనుమానం ప్రొపెల్లర్ షాఫ్టులో ముందుకూ వెనక్కూ జారే స్ప్లైన్ భాగం మీద. గ్రీజు ఆరిపోతే అది పట్టుకుని ఒక్కసారిగా వదులుతుంది. బ్రేకు వేసి ఆపేటప్పుడు వెనక భాగం లేచి షాఫ్టు పొడవు మారుతుంది, బయల్దేరినప్పుడు కుంగి మళ్లీ మారుతుంది. ఆ క్షణంలోనే చప్పుడు.

షాఫ్టుకు గ్రీజు నిపుళ్లు, అంటే గ్రీజు గన్ తగిలించే చిన్న మొనలు, ఉన్నాయేమో చూడండి. ముందు నిపుల్ కొన మీది మట్టిని గుడ్డతో తుడవాలి, లేకపోతే ఆ మట్టినే లోపలికి పంపినట్టు. 2వ నంబరు లిథియం గ్రీజు చాలు. స్ప్లైన్‌కు రెండు మూడు పంపులు మించి కొట్టకండి. నిండిపోతే షాఫ్టు జారడానికి చోటు ఉండదు. క్రాస్ జాయింట్లకు నాలుగు కప్పుల దగ్గరా కొత్త గ్రీజు తొంగిచూసేదాకా కొట్టాలి. 5,000 కి.మీ.కి ఒకసారి, లోతు నీళ్లలో దిగి వచ్చిన ప్రతిసారీ ఈ పని మరవొద్దు. నిపుళ్లు లేని సీల్డ్ జాయింటు అయితే మీరు చేయగలిగింది పరీక్ష ఒక్కటే: చక్రాలకు అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, షాఫ్టును చేత్తో ఊపి చూడండి. కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పుపొడి కనిపించినా, క్రాస్ దగ్గర కదలిక తెలిసినా జాయింటు మార్చాల్సిందే.

ప్ర: ఒక చక్రం గాల్లోకి లేస్తే అదే గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. కింద నుంచి గర్‌ర్‌మని భయంకరమైన చప్పుడు. ఫోర్‌వీల్ పని చేయడం లేదా?

జ: పని చేస్తోంది. మామూలు డిఫరెన్షియల్ ఎప్పుడూ తేలికగా తిరిగే చక్రం వైపే మొగ్గుతుంది. ఆ చక్రాన్ని ఏబీఎస్ పంపు బ్రేకుతో పట్టి, శక్తిని రెండో చక్రానికి మళ్లిస్తుంది. మీరు విన్నది ఆ పంపు చప్పుడు. వాలు దిగేటప్పుడు బ్రేకులను తనంతట తానే వేసి వేగాన్ని అదుపులో ఉంచే హిల్ డిసెంట్ వేసినా అదే మోగుతుంది. కొత్తవాళ్లు ఆ చప్పుడుకు జడిసి కాలు తీసేస్తారు. పంపు పట్టు బిగించడానికి రెండు మూడు సెకన్లు కావాలి. యాక్సిలరేటర్‌ను కొంచెం, కదలకుండా, అలాగే పట్టి ఉంచండి. ఒకటే పనిగా వాడితే బ్రేకులు వేడెక్కి వ్యవస్థ కాసేపు తనంతట తాను ఆగిపోతుంది. చల్లారితే తిరిగి వస్తుంది.

ఈటన్ రకం మెకానికల్ లాకర్ (యాక్సిల్ మీది రెండు చక్రాలనూ కలిపి బిగించే డిఫరెన్షియల్) ఉన్న బండిలో ఇందుకు భిన్నంగా 'ధన్' మని ఒక దెబ్బ వినిపిస్తుంది. రెండు చక్రాల మధ్య సుమారు 100 ఆర్‌పీఎం తేడా రాగానే అది దానంతటదే బిగుస్తుంది. ఆ దెబ్బ దాని సహజ గుణమే.

ప్ర: మోకాలి లోతు వాగు దాటాను. డిఫరెన్షియల్ నూనె చూస్తే మజ్జిగలా తెల్లగా ఉంది. సీల్ పోయినట్టేనా?

జ: సీల్ పోవాల్సిన పని లేదు. దూరం నడిపిన యాక్సిల్ వేడిగా ఉంటుంది. చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని, ఊపిరి పీల్చినట్టు బయటి నుంచి లాగుతుంది. యాక్సిల్ లోపలికి గాలి వచ్చిపోయే బ్రీదర్ గొట్టం పైకి, నీటికి అందనంత ఎత్తున ఉంటే గాలి వస్తుంది. అది బురదతో మూసుకుపోయినా, పొట్టిగా యాక్సిల్ మీదే ఉన్నా, సీళ్ల అంచుల్లోంచి నీళ్లు వస్తాయి.

తెల్లబడిన నూనెతో నడపొద్దు. బండిని చదునులో నిలిపి, ముందుగా నింపే ప్లగ్ విప్పండి. అది ఊడుతుందని రూఢి అయ్యాకే కింద ప్లగ్ ముట్టుకోండి. ఖాళీ చేశాక పై ప్లగ్ బిగుసుకుని ఉంటే బండి అక్కడే ఉండిపోతుంది. నూనె గ్రేడు మీ పుస్తకంలోదే వాడండి, చాలా యాక్సిళ్లకు జీఎల్-5 రకం. నింపే రంధ్రం అంచు దాకా వచ్చి కారడం మొదలయ్యేంత పోస్తే సరిపోతుంది. నూనె ఇంకా రంగు మారలేదు కానీ అనుమానం ఉందంటే, రాత్రంతా నిలిపి ఉదయాన్నే కింద ప్లగ్‌ను కొంచెం వదులు చేయండి. అడుగున చేరిన నీళ్లే ముందు చుక్కలుగా వస్తాయి.

ఇకపై వాగు ముందు ఐదు పది నిమిషాలు ఆగండి, యాక్సిళ్లు చల్లబడతాయి. నడక వేగంతో దాటండి. మధ్యలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బయటికి లాగించి, ఎయిర్ ఫిల్టర్ తడిసిందో లేదో చూశాకే తర్వాతి మాట.

ప్ర: డీజిల్ బండి. ఆపేశాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఏదో కాలిన వాసన. డీపీఎఫ్ దీపం కూడా ఒకసారి వెలిగింది.

జ: పొగగొట్టంలోని డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్‌లో పేరుకున్న మసిని బండి దాదాపు 600 డిగ్రీల వేడితో కాల్చుకుంటోంది, మధ్యలో మీరు ఆపేశారు. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బండిలో ఆ పని ఎప్పటికీ పూర్తి కాదు. దీపం వెలిగినప్పుడు 60 కి.మీ. పైన, ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం దగ్గర ఉండేలా, ఆగకుండా 20 నుంచి 30 నిమిషాలు నడపండి. ప్రతిసారీ సగంలో ఆగిపోతే డీజిల్ ఇంజినాయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద నూనె పై గీత దాటి కనిపిస్తే పెరిగిందని సంతోషించొద్దు, వెంటనే మార్పించండి. మసి కాలుతున్న సమయంలో పొడి గడ్డి మీద బండి నిలపడం అత్యంత ప్రమాదం; గడ్డి అంటుకుంటుంది.

ప్ర: ఉదయం స్టార్ట్ చేయగానే లారీలా హోరు. రెండు నిమిషాల్లో తగ్గుతుంది.

జ: విస్కస్ ఫ్యాను (జిగట ద్రవం నింపిన క్లచ్‌తో ఇంజిన్ తిప్పే ఫ్యాను) ఉన్న బండి అయితే, దాని క్లచ్‌లో రాత్రి చేరిన ద్రవం సర్దుకునేదాకా ఆ హోరు ఉంటుంది. వేడెక్కాక కూడా తగ్గకపోతేనే చూపించండి.

ప్ర: ఆరు నెలలకే కింద అంతా తుప్పు!

జ: ఎక్కడ అన్నదే ముఖ్యం. రంగు వేయని హబ్బులు, ఫ్లాంజిలు, పొగగొట్టం, పోతపోసిన డిఫరెన్షియల్ డబ్బా పైపైన ఎర్రబడటం సహజం. ఛాసిస్ వెల్డింగ్ అతుకుల దగ్గర పొరలు లేస్తుంటే ఫొటోలు తీసి వారంటీ కింద చూపించండి. ఛాసిస్ కమ్మీల అడుగున నీళ్లు కారే రంధ్రాలను తీగతో పొడిచి తెరిచి ఉంచండి. సముద్రతీరం నుంచి వచ్చిన రోజునే కింద మంచినీళ్లతో కడగాలి. తుప్పు నివారణ మైనం కొట్టించేటప్పుడు ఆ రంధ్రాలు, బ్రీదర్లు, బ్రేకులు, పొగగొట్టం తప్పించమని పక్కనుండి చెప్పండి.

ప్ర: స్టెప్నీ ఉన్న వెనక తలుపు గతుకుల్లో లటలటలాడుతోంది. ఊడదీసే టాపు అంచు నుంచి నీళ్లు కూడా వస్తున్నాయి.

జ: ముందు స్టెప్నీ నట్లు బిగించండి, చప్పుడు సగం అక్కడిదే. తర్వాత తలుపు అంచున ఉన్న రబ్బరు బుడిపెలు చూడండి. మధ్యలో కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగితే గట్టిగా పట్టాలి. సులువుగా వస్తే బుడిపెను ఒకటి రెండు చుట్లు బయటికి తిప్పండి. టాపు విషయంలో, పలకలన్నీ చేత్తో సర్దుకుని కూర్చున్నాకే కొక్కేలు బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగించి రెండో మూలకు పోతే రబ్బరు ముడుచుకుంటుంది. సీళ్లకు సిలికాన్ గ్రీజు రాయండి, పెట్రోలియం జెల్లీ వద్దు, అది రబ్బరును ఉబ్బిస్తుంది. నీళ్లు ఎక్కడ కారుతున్నాయో కనుక్కోవడానికి నీళ్ల గొట్టంతో కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కోచోట రెండు నిమిషాలు పట్టండి. ముందే పై నుంచి పోస్తే అంతా తడిసి ఏదీ తేలదు.

ప్ర: 245/75 ఆర్16 తీసి 265/75 ఆర్16 వేయించాలని ఉంది. ఏమైనా నష్టమా?

జ: టైరు ఎత్తు 774 మి.మీ. నుంచి 804 మి.మీ.కి పెరుగుతుంది. అందులో సగం, 15 మి.మీ., మాత్రమే బండి ఎత్తుకు కలుస్తుంది. స్పీడోమీటర్ 100 చూపినప్పుడు మీరు నిజానికి 104 దగ్గర ఉంటారు. ఓడోమీటర్ అదే లెక్కన తక్కువ తిరుగుతుంది కాబట్టి మైలేజీ నిజంగా పడిపోయిన దానికంటే ఎక్కువ పడినట్టు కనిపిస్తుంది. ప్రతి గేరులోనూ ఇంజిన్‌కు బండి 4 శాతం ఎక్కువ బరువుగా తోస్తుంది. కొనకముందే స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి, ఒక చక్రం దిమ్మె మీదికి ఎక్కించి, టైరుకూ ఛాసిస్‌కూ, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఎంత చోటు ఉందో కొలవండి. ప్రతి వైపూ 15 మి.మీ. పెరుగుదల, పైన రాయి ఇరుక్కోనంత చోటు మిగలాలి. స్టెప్నీ కూడా అదే సైజుది కొనండి, వెనక తలుపు మూత పడుతుందో చూసుకోండి. బిగించాక 100 కి.మీ. తిరిగి వీల్ నట్లను టార్క్ రెంచితో మరోసారి బిగించండి.